పచ్చ దీపం వెలిగేదాకా తీయకూడదు

ఆ రోజు తెల్లవారుజామున అయిదుంబావుకు బ్యాటరీ బండి క్లబ్బు హాలు ముందున్న చిన్న ఎత్తు దగ్గర ఆగిపోయింది. అందులో ఉన్నది ఉద్దానం నుంచి వచ్చి మా కాలనీలో స్థిరపడిన పెద్దాయన. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లాలి. ఆయన ఇల్లు చివరి వరసలో ఉంది. అక్కడి నుంచి గేటు దాకా 600 మీటర్లు. మా లోపలి దారులు నడక కోసం వేసినవి, ఆటో తిరిగే వెడల్పు లేదు. వాచ్‌మన్ పెడల్ తొక్కితే బండి అడుగు దూరం ఊగి మళ్లీ ఆగుతోంది. చివరికి ఇద్దరు వెనక నుంచి తోస్తుంటే ఆయన ముందు సీటు కడ్డీ పట్టుకుని, "నా వల్ల మీకెంత శ్రమ" అంటూ గేటు చేరారు. నడకకు బయలుదేరిన నేను అదంతా చూశాను. ఆ మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. బండికి రాత్రంతా ఉండాల్సిన ఛార్జింగు మధ్యలో తీసేశారు, ఆయన మాట పడ్డట్టు తల దించుకున్నారు.

శ్రీకాకుళంలో అరసవల్లి దాటి గార వైపు వెళ్లే దారిలో ఉంటుంది మా కాలనీ. అరవై దాటినవాళ్ల కోసమే కట్టిన ఇళ్లు. కేటలాగులో మా బండ్లను గోల్ఫ్ కార్టులు అన్నారు గాని, రైల్వే స్టేషన్లలో చూసిన అలవాటుతో మేమంతా బ్యాటరీ బండ్లంటాం. ఆరుగురు కూర్చునేవి రెండు, నలుగురు కూర్చునేది ఒకటి. మోకాళ్లు అరిగినవాళ్లు భోజనశాలకు రావాలన్నా, బీపీ చూపించుకోవాలన్నా, గుడిలో హారతి వేళకు చేరాలన్నా ఇవే కాళ్లు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో ఫిజికల్ సైన్స్ చెప్పాను. గాస్టన్ ప్లాంటే 1859లో సీసం ప్లేట్లను ఆమ్లంలో ముంచి మళ్లీ మళ్లీ ఛార్జ్ చేయగల బ్యాటరీ తయారు చేశాడని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. నిజమైన బ్యాటరీ మూత విప్పి లోపలికి చూసింది మాత్రం ఆ వారమే. కమిటీకి వెళ్లి, "ఛార్జింగు సంగతి నాకు అప్పగించండి" అని అడిగాను. వద్దన్నవాళ్లు ఎవరూ లేరు.

సీటు ఎత్తితే కింద ఆరు బ్యాటరీలు. ఒక్కొక్కటి 8 వోల్టులు, వరసగా కలిపితే 48. టెర్మినళ్ల చుట్టూ తెల్లగా, పచ్చగా పొంగిన పొక్కు, ఎండిన సున్నంలా రాలుతోంది. ఒక్కో బ్యాటరీకి నాలుగు సెల్లులు, నాలుగు మూతలు, అంటే బండికి 24. మూత తీసి టార్చి వేస్తే ప్లేట్ల అంచులు నీటిపైకి తేలి కనిపించాయి, చెరువు ఎండాక బయటపడిన రేవు మెట్లలాగా.

షెడ్డులో ఉన్నది ఒకే సాకెట్టు. దానికి గుచ్చిన పొడిగింపు బోర్డు నుంచి మూడు ఛార్జర్లూ నడుస్తున్నాయి. రాత్రి ఎనిమిదింటికి వెళ్లి ఆ వైరు పట్టుకున్నాను. అప్పుడే పోసిన టీ గ్లాసును పట్టుకున్నట్టు చేయి వెనక్కి వచ్చింది. "పదింటికి తీసేస్తానమ్మా, రాత్రంతా ఉంచితే అంటుకుంటుందేమోనని భయం" అన్నాడు వాచ్‌మన్. అతని భయం న్యాయమైనదే. ఆ బోర్డు మీద మూడు బండ్లను రాత్రంతా వదిలితే నేనూ నిద్రపోలేను. కాని ఎనిమిది పది గంటలు ఎక్కాల్సిన ఛార్జి రెండు గంటలతో ఆగిపోతోంది. అలా నెలల తరబడి, రోజూ.

ఏడు రోడ్ల కూడలి దగ్గర బ్యాటరీల దుకాణం నడిపే ఒకతన్ని పిలిపించాం. వోల్టు మీటరు పెట్టి చూశాడు. ఆగిపోయిన బండిలో ఆరూ కలిపి 38 వోల్టులు. ఛార్జర్ గుచ్చితే దీపం కూడా వెలగలేదు. ఛార్జర్ పోయిందని, కొత్తది తెప్పించాలని మేం అనుకుంటున్నాం. అతను తల అడ్డంగా ఊపాడు. "ఛార్జర్ బాగానే ఉందమ్మా. బ్యాటరీ మరీ కిందికి దిగిపోతే అది దీన్ని బ్యాటరీగానే గుర్తించదు. ముందు మనం కాస్త లేపి ఇవ్వాలి."

ఒక్కొక్కటీ 30 కిలోల దాకా ఉన్న ఆ పెట్టెల్ని విప్పి దుకాణానికి తీసుకెళ్లి విడివిడిగా ఛార్జ్ చేశాడు. మూడో రోజు నన్ను రమ్మని ఫోను చేశాడు. అయిదు బ్యాటరీలు 8.4 చూపిస్తున్నాయి, ఆరోది 6.3 దగ్గరే నిలిచిపోయింది. ఒక సెల్లుకు రెండు వోల్టుల చొప్పున లెక్క వేసుకుంటే నాలుగింటిలో ఒకటి చచ్చిపోయిందని చూడగానే తెలిసింది. ఆ ఒక్కదాన్ని కొత్తది తెచ్చి పెడదామన్నాను. ఒప్పుకోలేదు. వరసలో కలిపినప్పుడు అన్నింటిలోనూ ఒకే కరెంటు పోతుంది. ముసలి అయిదింటి మధ్య కొత్తది పెడితే అవి ముందే దిగిపోతాయి, వాటితో పాటు కొత్తదీ పాడవుతుంది. నలుగురి బండిలోని సెట్టు ఎలాగూ చివరికి వచ్చింది గనుక అందులో బాగున్న ఒకదాన్ని తీసి ఇందులో పెట్టాడు. రెండూ ఒకే ఏడాది కొన్నవి, జత కుదిరింది. నలుగురి బండికి మాత్రం పూర్తి కొత్త సెట్టు కొనాల్సి వచ్చింది. ఒక సెట్టంటే మాలో చాలామందికి రెండు నెలల పింఛను.

ఈ ఖర్చంతా ఎందుకొచ్చిందో కమిటీలో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. బ్యాటరీ వాడుతున్నకొద్దీ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే ఛార్జింగు పెడితే అది విడిపోయి, సల్ఫేట్ మళ్లీ ఆమ్లంలో కలుస్తుంది. సగం ఛార్జితో రోజుల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి ప్లేటును కప్పేస్తుంది. ఆ తర్వాత ఎంత కరెంటు పెట్టినా అది వదలదు. మాలో చాలామందికి, "పూర్తిగా ఖాళీ అయ్యాకే ఛార్జింగు పెట్టాలి, అప్పుడే బ్యాటరీ మన్నుతుంది" అన్న నమ్మకం ఉంది. సీసం బ్యాటరీకి అంతకంటే చెడు సలహా లేదు. రోజుకు ఒక్క కిలోమీటరు తిరిగినా ఆ రాత్రి నిండా ఎక్కించాలి.

ఇంకో పొరపాటు పేరు దగ్గరే ఉంది. 48 వోల్టుల బండి గనుక మీటరు 48 చూపిస్తే నిండుగా ఉన్నట్టే అనుకున్నారు. నిండుగా ఎక్కి, కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న సెట్టు 51కి కాస్త తక్కువగా చూపించాలి. 48 చూపిస్తే అప్పటికే సగానికి పైగా ఖాళీ.

నీళ్ల దగ్గర పడ్డ తిప్పలు వేరు. మా బోరు నీళ్లలో ఉప్పదనం నాలుకకే తెలుస్తుంది. ఎవరో మంచి మనసుతో అవే పోశారు. ఇంకొకరు బలం తగ్గిందేమోనని ఆసిడ్ పోశారు. రెండూ చేయకూడనివే. ఆవిరైపోయేది నీరే తప్ప ఆసిడ్ కాదు, అందుకే పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోయవచ్చని ఒకాయన గట్టిగా వాదించారు. చూడటానికి తేటగా ఉన్నా ఆ నీళ్లు దుమ్ము పట్టిన రాగి గొట్టాల మీదుగా జారి వస్తాయి. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఎప్పుడు పోయాలన్నదీ ముఖ్యమే. ఛార్జింగు పూర్తయ్యాక పోయాలి. ముందే నింపితే ఛార్జ్ అయ్యేటప్పుడు ద్రవం పొంగి పైకి పొర్లుతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత వరకు కాస్త పోసి, మిగతాది తర్వాత. కళ్లద్దాలు, చేతికి తొడుగులు, పక్కన బకెట్ నీళ్లు, ఆసిడ్ చిందితే చల్లడానికి వంటసోడా డబ్బా లేకుండా మూత విప్పనివ్వను.

షెడ్డును చూసినప్పుడు నాకు నిజంగా భయం వేసింది. వాన కొట్టకుండా మూడు వైపులా మూసి, నాలుగో వైపు షట్టరు పెట్టారు. రాత్రి దాన్నీ దించేస్తున్నారు. ఛార్జింగు చివరికి వచ్చేసరికి బ్యాటరీలో నీరు విడిపోయి హైడ్రోజన్ వస్తుంది. పరీక్షనాళికలో జింకు ముక్కలు వేసి, ఆమ్లం పోసి, మండే పుల్ల మూతి దగ్గర పెడితే ఆ హైడ్రోజనే అంటుకుని టప్ మని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విని పిల్లలు చప్పట్లు కొట్టేవారు. గాలిలో హైడ్రోజన్ నాలుగు శాతం చేరితే చాలు, అంటుకోవడానికి ఒక నిప్పురవ్వ సరిపోతుంది. ఆ షెడ్డులో వాచ్‌మన్ బీడీ కాల్చుకునే బల్ల కూడా ఉంది. మర్నాడే బల్ల బయటికి వెళ్లింది. హైడ్రోజన్ తేలిక గనుక కప్పు కిందికే చేరుతుంది. కింద ఎన్ని కిటికీలున్నా లాభం లేదు. రెండు వైపులా గోడ పైభాగంలో జాలీ పెట్టించాం, షట్టరు తీసి ఇనుప గేటు వేయించాం.

కరెంటు పనికి ఎలక్ట్రీషియన్‌కు రెండు రోజులు పట్టింది. మూడు బండ్లకు మూడు 16 ఆంపియర్ల సాకెట్లు, ఒక్కోదానికి విడిగా ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి), మందమైన రాగి వైరు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే పరికరం. కొత్తగా గొయ్యి తవ్వి ఎర్తింగు వేశారు. ఈ పనులకు డబ్బు అడిగితే, "నడవగలిగేవాళ్లం మేమెందుకు ఇవ్వాలి" అని ఒకరిద్దరు అడిగారు. నేను జవాబు చెప్పేలోపే ఒక పెద్దావిడ లేచి, "నేనూ నిరుడు దాకా నడిచాను నాయనా" అన్నారు. ఆ తర్వాత డబ్బు వసూలు కావడానికి వారం పట్టలేదు.

ఇప్పుడు షెడ్డు గోడకు పురికొసతో కట్టిన ఒక పుస్తకం ఉంది. రాత్రి ఏడున్నరకు ఆఖరి ట్రిప్పు. వేడి తగ్గేదాకా బండిని గంట సేపు ఊరికే వదిలి, తర్వాత గుచ్చి, వాచ్‌మన్ టైము రాసి సంతకం పెడతాడు. ఎర్ర దీపం పచ్చగా మారేదాకా తీయకూడదు. మధ్యలో కరెంటు పోయి వస్తే దీపం మళ్లీ వెలిగిందో లేదో లేచి చూడాలి. అందుకు అతనికి జీతం మీద కొంత కలిపి ఇస్తున్నాం. ఊరికే చేయించుకోవడం నాకు నచ్చలేదు. ఆదివారం ఉదయం నేను హైడ్రోమీటరుతో, అంటే ఆసిడ్ నీటికంటే ఎంత చిక్కగా ఉందో కొలిచే గొట్టంతో కూర్చుంటాను. రబ్బరు బుడ్డి నొక్కి వదిలితే గాజు గొట్టంలోకి ద్రవం ఎక్కి, లోపల తేలే అంకెల గొట్టం మెల్లగా పైకి లేస్తుంది. నిండిన సెల్లులో 1.265 పైన నిలుస్తుంది. బండికి 24 సంఖ్యలు. ఒకటి మిగతావాటికంటే వెనకబడితే దాని పక్కన చుక్క పెడతాను. నెలకోసారి పచ్చ దీపం వెలిగాక కూడా తీసి మళ్లీ గుచ్చి ఇంకో విడత ఎక్కిస్తాం. అడుగున చిక్కబడ్డ ఆసిడ్ కలియబడి, వెనకబడ్డ సెల్లులు మిగతావాటిని అందుకుంటాయని దుకాణం అతను చెప్పాడు. చాలావరకు అందుకున్నాయి కూడా.

ఎండాకాలం వేరే కాలం. ఏప్రిల్, మే నెలల్లో వారానికోసారి నీళ్లు చూడకపోతే ప్లేట్లు తేలిపోతాయి. చలికాలంలో రెండు వారాలకోసారి చాలు. సముద్రపు గాలికి టెర్మినళ్లకు తుప్పు పడుతుంది గనుక సోడా నీళ్లతో తుడిచి, ఆరాక వాసెలిన్ రాస్తాం.

సంక్రాంతికి, దసరాకు మనవలు వస్తే బండ్లకు విశ్రాంతి ఉండదు. పిల్లల్ని ఎక్కనివ్వకుండా ఉండటం నా వల్ల కాదు. సాయంత్రం గంట సేపు నలుగురి బండి వాళ్లది, మిగతా రెండూ ముట్టుకోకూడదు. రథసప్తమికి అరసవల్లి దాకా వీటిలోనే వెళ్దామని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. రిజిస్ట్రేషన్ లేని బండ్లు రోడ్డెక్కకూడదు. ఆటోలు మాట్లాడి పంపుతాను.

నేను ఏ ఏడాదీ మరిచిపోనిది అక్టోబరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకొరిగాయి, రోజుల తరబడి కరెంటు లేదు. పెద్దాయన అప్పుడు సొంత ఊళ్లోనే ఉన్నారు. అందుకే వాయుగుండం అన్న మాట వినిపిస్తే అందరికంటే ముందు ఆయన నుంచే ఫోను వస్తుంది: "టీచరమ్మా, బండ్లు నిండాయా?" మూడూ నింపి, ఒకదాన్ని చివరి వరసలో ఆయన ఇంటి వాకిట్లోనే పెట్టిస్తాం. బోరు మోటారు కోసం ఉన్న డీజిల్ జనరేటరుకు ఒక సాకెట్టు బిగించాం. కరెంటు రెండు రోజులు లేకపోయినా ఒక బండి నడుస్తుంది.

లిథియం బ్యాటరీలకు మారమని కొత్తగా వచ్చినవాళ్లు అంటున్నారు. నీళ్లు పోసే పని లేదు, బరువు తక్కువ, ఎక్కువ కాలం మన్నుతాయి. నాకూ ఇష్టమే. అయితే ఛార్జర్లు కూడా మార్చాలి, ఒకేసారి పెట్టే డబ్బు ఎక్కువ. ఉన్న సెట్లు అరిగాక చూద్దామన్నాను.

మొన్న ఆదివారం రెండో బండిలో నాలుగో బ్యాటరీ, మూడో సెల్లు 1.230 చూపించింది. మిగతావన్నీ 1.270 దగ్గర ఉన్నాయి. పక్కన చుక్క పెట్టాను. మళ్లీ వారం కూడా అక్కడే ఉంటే దుకాణం అతనికి ఫోను చేయాలి. ఈ లోపల మంగళ, గురు, శనివారాల్లో పెద్దాయన ట్రిప్పుకు ఒకటో బండినే పంపమని వాచ్‌మన్‌కు చెప్పి, పుస్తకంలో ఎర్ర సిరాతో రాసి వచ్చాను.