ఉయ్యాల కంటే ముందు జీతం లెక్క

బిడ్డ ఖర్చు అనగానే ఉయ్యాల, డైపర్లు, బుల్లి చొక్కాలు కళ్లముందు మెదులుతాయి. ఇంటి లెక్కను కుదిపేది మాత్రం జీతం తగ్గే నెలలే. ఉయ్యాలను ఎవరైనా ఊరికే ఇస్తారు. ఆగిపోయిన జీతాన్ని ఎవరూ ఇవ్వరు, ఇచ్చినా వడ్డీతోనే.

కాబట్టి కాగితం మీద మొదట సెలవు రాయండి. పూర్తి జీతంతో ఎన్ని వారాలు, సగం జీతంతో ఎన్ని, జీతం లేకుండా ఇంకెన్నాళ్లు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 నాటి ఒప్పందం కనీసం 14 వారాల ప్రసూతి సెలవు ఉండాలంటుంది. కానీ చేతికొచ్చేది మీ దేశ చట్టం, మీ ఉద్యోగ ఒప్పందం ఇచ్చేదే. సొంతంగా పనిచేసుకునేవారికి చాలాసార్లు అదీ ఉండదు.

ఇంటి నెల రాబడి 100 పాళ్లు, అందులో తల్లి జీతం 40 అనుకుందాం. మూడు నెలలు సగం జీతమే వస్తే 60 పాళ్లు తగ్గుతాయి. ఆపై రెండు నెలలు జీతం లేని సెలవు పెడితే ఇంకో 80. మొత్తం 140, అంటే ఇంటి రాబడిలో దాదాపు నెలన్నర. గర్భం తెలిశాక పోగుచేయడం మొదలుపెడితే చేతిలో ఉండేది ఎనిమిది నెలలు, నెలకు పదిహేడున్నర పాళ్లు పక్కన పెట్టాలి. అంతకు ఏడాది ముందే మొదలుపెట్టినవారికి మొత్తం ఇరవై నెలలు దొరుకుతాయి, నెలకు ఏడు చాలు.

ఒక నెల పాటు 60 పాళ్లతోనే ఇల్లు నడిపి చూడటం మంచి పరీక్ష. చాలామంది ఇందులో నెగ్గి, అసలు సెలవులో తడబడతారు. ఏడాదికోసారి వచ్చే ప్రీమియం, పన్ను, బండి రిపేరు ఆ పరీక్ష నెలలో పడకపోవడమే కారణం. వాటిని పన్నెండుతో భాగించి ప్రతి నెలకూ కలపండి.

బీమా సంగతి గర్భానికి ముందే తేలాలి. కాన్పు ఖర్చు ఇచ్చే చాలా పాలసీలకు వెయిటింగ్ పీరియడ్, అంటే కొన్నాక ఆ ఖర్చు ఇవ్వని కాలం, ఉంటుంది, కొన్నింటికి నెలలు, కొన్నింటికి ఏళ్లు. పరీక్షలో రెండు గీతలు కనబడ్డాక కొనే పాలసీ చాలాచోట్ల ఈ కాన్పుకు పనికిరాదు. కాన్పుకు విడిగా పరిమితి ఉందా, సిజేరియన్‌కు ఎంత, పసిబిడ్డకు పుట్టిన రోజు నుంచే రక్షణ ఉందా, బిడ్డ పేరు చేర్చడానికి గడువెంత అన్నవి పాలసీ కాగితంలోనే చదవాలి, ఏజెంటు నోటి మాట చాలదు. టర్మ్ పాలసీ (నిర్ణీత కాలానికి తీసుకునే జీవిత బీమా) తీసుకునే ఉద్దేశం ఉంటే అదీ ముందే. కొన్ని కంపెనీలు గర్భిణుల దరఖాస్తును కాన్పయ్యేదాకా వాయిదా వేస్తాయి.

ఆసుపత్రి చెప్పే ప్యాకేజీ మొత్తంలో మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తం, అదనపు రోజుల గది కలిశాయా లేదా రాతపూర్వకంగా అడగండి. సాధారణ కాన్పే కావాలనుకున్నా సిజేరియన్ మొత్తాన్నే లెక్కలో పెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి గర్భిణికి కనీసం 8 సార్లు పరీక్షలు ఉండాలంటోంది. ఫీజును ఎనిమిదితో హెచ్చించి, స్కానింగులు, రక్తపరీక్షలు కలపాలి.

దాదాపు పదిమందిలో ఒక బిడ్డ 37 వారాలు నిండకముందే పుడుతుంది. అలాంటి పసిబిడ్డలను ఉంచే ఇంటెన్సివ్ కేర్ (ఎన్‌ఐసీయూ) బిల్లు రోజుల లెక్కన పెరుగుతుంది. అందుకని ఒక రోజు ఖర్చు కనుక్కుని కనీసం ఏడు రోజులకు సరిపడా డబ్బు సిద్ధం చేసుకోవాలి. 32వ వారానికల్లా అది వెంటనే తీయగలిగే ఖాతాలో ఉండాలి, గడువు తీరని డిపాజిట్‌లో కాదు. ఆ ఖాతా తల్లి ఒక్కరి పేరునే ఉంటే ఆమె ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నప్పుడు డబ్బు తీసేదెవరు?

వస్తువుల దగ్గర ఎక్కువగా జరిగే తప్పు చిన్న సైజు డైపర్లు కట్టలు కట్టలుగా కొనడం. తొలి వారాల్లో రోజుకు 8 నుంచి 12 పడతాయి, నిజమే. కానీ మొదటి సైజు సాధారణంగా నాలుగైదు కిలోల వరకే, చాలామంది పిల్లలు రెండు నెలలకే అది దాటిపోతారు. తల్లిపాలే పట్టాలనుకున్నా పాలపొడికి కొంత పక్కన పెట్టండి. పూర్తిగా పొడిపాల మీద ఉన్న 4 కిలోల బిడ్డ రోజుకు సుమారు 600 మిల్లీలీటర్లు తాగుతుంది, 400 గ్రాముల డబ్బా ఐదు రోజులు వస్తే గొప్ప. ఆదా చేద్దామని నీళ్లెక్కువ కలపడం మాత్రం బిడ్డకు ప్రమాదం.

బట్టలు, స్నానపు తొట్టి వాడినవైనా చక్కగా సరిపోతాయి. వాడిన మంచమైతే కమ్మీల మధ్య సందు 6 సెంటీమీటర్లు మించకుండా చూడండి. కారు సీటు మాత్రం, ఏ ప్రమాదంలోనూ పడలేదని నమ్మకంగా తెలియకపోతే, కొత్తదే.

తల్లి తిరిగి పనిలోకి వెళ్లే నెల ఖర్చును మరచిపోయేవారే ఎక్కువ. మంచి శిశు సంరక్షణ కేంద్రాల్లో చోటుకు గర్భంతో ఉండగానే పేరు రాయించాల్సి రావచ్చు. అడ్వాన్సు, మొదటి నెల ఫీజు తొలి జీతం రాకముందే కట్టాలి. పదిమంది పిల్లల మధ్యకు వెళ్లాక జలుబూ జ్వరమూ తప్పవు. సెలవులన్నీ అప్పటికే అయిపోయి ఉంటే ఆ రోజులూ జీతం లేని సెలవు పద్దులోకే వెళ్తాయి.