డిస్‌ప్లే రాకపోతే బోర్డు పోయినట్టేనా?

మాఘమాసంలో ముహూర్తాలు మొదలయ్యాయంటే మా కొట్లో రాత్రి పదకొండింటి దాకా లైటు ఆరదు. తెనాలిలో 2009 నుంచి శుభలేఖల డీటీపీ పని చేస్తున్నాను. ఆ సాయంత్రం మూడు కార్డులు ప్రూఫులో ఉన్నాయి. ఒకటి తెల్లారేసరికి ప్రెస్సుకు వెళ్లాలి. కరెంటు పోయి వచ్చింది. సీపీయూ బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, లైటు వెలిగింది, మానిటర్ మాత్రం నల్లగా ఉండిపోయింది.

పిలిపించిన మెకానిక్ కుర్రాడు రెండు నిమిషాలు చూశాడు. "మదర్‌బోర్డు పోయిందక్కా. పాత మోడల్, ఇప్పుడు దొరకదు. సిస్టమ్ మొత్తం మార్చేసుకోండి" అన్నాడు.

డబ్బు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేదాన్ని. 2013లో కట్టించిన మిషన్ అది. ఐ3 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యాములు, అంటే మెమరీ పట్టీలు, రెండు. కార్డులు కట్టే పేజ్‌మేకర్ 7, తెలుగు కొట్టే అను ఫాంట్లు అందులోనే ఉన్నాయి. ఆ ఫాంట్లతో కొట్టిన మ్యాటర్ అన్ని సిస్టమ్‌లూ చదివే యూనికోడ్ కాదు, అవి లేని సిస్టమ్‌లో తెరిస్తే ఒక్క అక్షరం చదవలేం. పెద్దబ్బాయి పెళ్లికి కార్డు వేయించుకున్నవాళ్లు ఆరేళ్లకి అమ్మాయి పెళ్లికి వచ్చి "అదే మ్యాటరమ్మా, పేర్లు మార్చు" అంటారు. తాత ముత్తాతల పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్లు దగ్గర కూర్చుని దిద్దించిన ఫైళ్లవి. అందుకే ఆ రాత్రి నేనే స్క్రూలు విప్పాను.

ముందు ప్లగ్గు పీకేశాను. పీకాక కూడా పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకోవాలి, లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. ఫోన్లో నాలుగు వైపులా ఫొటోలు తీసుకున్నాను, ఏ వైరు ఎక్కడిదో మళ్లీ తడుముకోకుండా. తర్వాత రెండు ర్యాములూ తీశాను. వాటి అంచున ఉండే బంగారు రంగు కాళ్లు మసకబారి ఉన్నాయి. మూడు కాలవల ఊరు మాది, గాలిలో తేమకు తక్కువ లేదు. కాళ్ల మీద సన్నటి పొర కడితే చాలు, బోర్డుకు ర్యామ్ కనపడదు, డిస్‌ప్లే రాదు. పిల్లల తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్దాను. రెండు రంగుల రబ్బరులో ఇంకు చెరిపే గరుకు వైపు వాడకూడదు, పూత లేచిపోతుంది. రుద్దేది కూడా స్లాట్‌కు దూరంగా. ఆ రబ్బరు పొట్టు స్లాట్‌లో పడితే ఇంకో తలనొప్పి. ఒకే ఒక్క ర్యామ్ పెట్టి, రెండు చివరలా టక్కుమని లాక్ పడేదాకా నొక్కి ఆన్ చేశాను. ఒక్క బీప్ వినపడింది, అంటే బోర్డు బాగానే ఉన్నట్టు. ఆ శబ్దానికి నిజంగా కళ్లు చెమర్చాయి.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏదైనా మొరాయిస్తే కొత్తది కొనేముందు ఉన్నవి ఒక్కొక్కటే తీసి చూస్తాను. ప్రింటరు, స్కానరు, పెన్ డ్రైవులు, రెండో ర్యామ్, హార్డ్ డిస్క్. బోర్డు, ప్రాసెసరు, ఒక ర్యామ్ మిగిలేదాకా తీసి అక్కడినుంచి ఒక్కొక్కటి తగిలించుకుంటూ వస్తే, ఎక్కడ ఆగిందో అదే దొంగ. ఓసారి బటన్ నొక్కితే ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయేది. అందరూ ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా, పోయిందన్నారు. చివరికి చూస్తే ముందువైపు యూఎస్‌బీ పోర్టు. వచ్చినవాళ్లందరూ పెన్ డ్రైవు గుచ్చి గుచ్చి లోపలి పిన్ను వంగి రేకుకు తగులుకుంది, 5 వోల్టుల లైను షార్టయింది. బోర్డు మీదనుంచి ఆ పోర్టు వైరు పీకేయగానే మిషన్ లేచింది. ఇప్పుడు పెన్ డ్రైవులకు వెనక పోర్టు నుంచి చిన్న కేబుల్ బయటికి లాగి పెట్టాను. అరిగితే అదే అరుగుతుంది.

నిజంగా ఎస్‌ఎంపీఎస్సే అనుమానమైతే మల్టీమీటరు ఉండాలి. పసుపు వైరులో 12, ఎరుపులో 5, నారింజలో 3.3 వోల్టులు రావాలి. అటూ ఇటూ 5 శాతం తేడా ఫర్వాలేదు, అంటే పసుపు 11.4కి తగ్గకూడదు. మిషన్ పనిచేస్తుండగా చూడాలి, ఊరికే ఖాళీగా తిప్పి చూస్తే పాడైంది కూడా బాగానే చూపిస్తుంది. ఆ డబ్బాను మాత్రం ఎవరూ విప్పొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కాసేపు నిలిచి ఉంటుంది. పోతే కొత్తది కొనడమే.

తేదీ వెనక్కి పోవడం, పొద్దున్నే ఎఫ్1 నొక్కమనడం, నెట్‌లో ఏ సైటు తెరిచినా భద్రత లేదనడం, ఈ మూడూ కలిసి వస్తే బోర్డు మీది బిళ్ల సెల్లు అయిపోయినట్టు. సీఆర్ 2032 అని అడిగితే వాచీల కొట్లో కూడా ఇస్తారు.

వేడి సంగతి మా వృత్తివాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాలి. కటింగ్ మిషన్ దగ్గర కాగితం నూగు లేస్తుంది. అది ప్రాసెసర్ వేడిని లాగే హీట్ సింక్ రెక్కల మధ్య చేరి దూదిలా పరుచుకుంటుంది. పెద్ద బ్యానర్ ఫైలు తెరిస్తే నత్తనడక, మే నెలలో మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆఫ్. ఆరు నెలలకోసారి బ్లోయరు పెడతాను, ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకుని. గాలికి దాన్ని గిర్రున తిరగనిస్తే బేరింగు పాడవుతుంది. హీట్ సింక్ తీస్తే దానికీ ప్రాసెసర్‌కీ మధ్య ఉండే పాత థర్మల్ పేస్టు తుడిచి కొత్తది బఠాణీ గింజంత పెట్టాల్సిందే.

హార్డ్ డిస్క్ టక్, టక్ అని కొట్టుకుంటుంటే ఏ రిపేరూ మొదలుపెట్టొద్దు. ముందు కావలసిన ఫైళ్లు బయటికి తీసేయండి. నేను రోజూ కొట్టు కట్టేముందు ఆ రోజు మ్యాటరంతా ఇంకో డిస్కులోకి ఎక్కిస్తాను.

వీటన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఇంకోటి ఉంది. "అక్కా, సీపీయూ ముట్టుకుంటే చిమచిమలాడుతోంది, చెప్పులేసుకుని కూర్చుంటున్నా" అని పక్క వీధి జిరాక్స్ కొట్టు అమ్మాయి మామూలు విషయంలా చెప్పింది. మన దగ్గర ఎన్ని ఇళ్లలో, ఎన్ని కొట్లలో ఇలాగే చెప్పులతో సరిపెట్టుకుంటున్నారో! ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజుకీ బాడీకీ, న్యూట్రల్‌కీ బాడీకీ మధ్య చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటిగుండా కారే కొద్దిపాటి కరెంటు ఎర్తు వైరులోంచి భూమిలోకి పోవాలి. ఎర్తు లేకపోతే బాడీ మీద 230లో సగం దాకా వోల్టేజి నిలుస్తుంది. కరెంటు కొద్దే కాబట్టి చిమచిమతో పోతోంది. రేపు లోపల ఫేజు వైరే రేకుకు తగిలితే పోవడానికి దారి లేదు, ముట్టుకున్న మనిషే దారి. అలాంటప్పుడు ఒక మిషన్నుంచి ఇంకోదానికి కేబుల్ పెడుతుంటే పోర్టులు కాలిపోవడం కూడా జరుగుతుంది.

ఎలక్ట్రీషియన్ని తీసుకుని ఆ అమ్మాయి కొట్టుకు వెళ్లాం. సాకెట్‌లో ఫేజుకీ ఎర్తుకీ మధ్య మీటరు పెడితే 230 దగ్గర రావాలి, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఒకటి రెండు వోల్టులే ఉండాలి. అక్కడ పైన మూడో రంధ్రం ఉంది, దాని వెనక వైరే లేదు. ఇంటి వెనక గొయ్యి తీయించి, పైపు దింపి, ఉప్పు బొగ్గు పొరలు వేసి, ఆకుపచ్చ వైరు లోపలికి లాగేసరికి పొద్దు గూకింది. సీపీయూ మీద నేను చెయ్యి పెట్టి చూపించాకే ఆ అమ్మాయి చెప్పులు విడిచి ముట్టుకుంది.

ఎండలు ముదిరితే నేల ఎండి ఎర్తు బలహీనపడుతుంది. మార్చి నుంచి ఆదివారాలు నా కొట్టు గొయ్యిలో రెండు బిందెలు నీళ్లు పోస్తున్నాను, వస్తూ వస్తూ తన గొయ్యి కూడా చూసి వస్తున్నాను.