కార్యక్రమాల పట్టికలో లేని కాలక్షేపాలు

రోజూ రాత్రి భోజనం ముగించుకుని గదికి వచ్చేసరికి మంచం మీద ఒక కాగితం ఉండేది. మర్నాడు ఓడలో ఏ గంటకు, ఏ అంతస్తులో, ఏమి జరుగుతుందో అందులో అచ్చువేసి ఉండేది: బింగో, క్విజ్, బొమ్మల వేలం, నగల దుకాణంవారి ఉపన్యాసం, తువ్వాలును ఏనుగు ఆకారంలో మడవడం నేర్పే తరగతి. సియాటిల్‌లో బయలుదేరి అలాస్కా చూసి తిరిగివచ్చే ఏడు రాత్రుల ప్రయాణం మాది. మొదటి రాత్రి మా నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని ఆసాంతం చదివి, "ఇందులో ఓడ ఊసే లేదేమిటే అమ్మడూ?" అన్నారు. తరువాత దాన్ని తిరగేసి, ఖాళీగా ఉన్న చివరి పుటను చూసుకుని, జేబులో పెట్టుకున్నారు.

ఆయన విశాఖపట్నం పోర్టులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేశారు. మా ఇంట్లో ఓడలను చూడడం మూడు తరాల అలవాటు. 1948 మార్చి 14న సింధియా షిప్‌యార్డులో నెహ్రూ చేతుల మీదుగా 'జలఉష' అనే ఓడ నీటిలోకి జారిన రోజున మా తాతగారు ఆ జనంలో నిలబడి చూశారట. నాకు మాత్రం ఆ అలవాటు అబ్బలేదు. కొన్నేళ్ల క్రితం చేసిన మొదటి క్రూజ్‌లో పట్టికలో ఉన్న ప్రతి కార్యక్రమానికీ పరుగెత్తి, ఇంటికి వచ్చాక సముద్రం ఏ రంగులో ఉందని ఎవరో అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఈసారి మావారికీ పిల్లలకూ పట్టికను అప్పగించి, నేను నాన్నగారి వెంట తిరిగాను. ఆయన వల్ల తెలిసిన కాలక్షేపాల గురించే ఈ టపా.

మొదటిది పైలట్ దిగడం. సాయంత్రం నాలుగింటికి సియాటిల్ వదిలిన ఓడ ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ దాటి హువాన్ డి ఫూకా జలసంధిలోకి వచ్చేవరకూ, ఆ నీటి లోతుపాతులన్నీ తెలిసిన స్థానిక పైలట్ ఒకరు కెప్టెన్ పక్కన నిలబడి దారి చెబుతారు. పోర్ట్ ఏంజెలెస్ అనే ఊరి ముందు ఆయన పని పూర్తవుతుంది. అప్పటికి దాదాపు తొమ్మిదయింది. జూన్ నెల కావడంతో వెలుగు ఇంకా పోలేదు. ఓడలోని జనమంతా భోజనాల దగ్గరో నాటకశాలలోనో ఉండగా, మేమిద్దరం నడక డెక్కు మీద కమ్మీకి ఆనుకుని కిందికి చూస్తూ నిలబడ్డాం. ఓడ వేగం తగ్గింది. నీటికి కాస్త ఎత్తున, ఓడ పొట్టలో అంతవరకూ కనిపించని చిన్న తలుపు ఒకటి తెరుచుకుంది. ఇద్దరు కలాసీలు అందులోంచి తాడు నిచ్చెన జారవిడిచారు. ఎక్కడినుంచో ఒక చిన్న పడవ ఎగిరెగిరి పడుతూ వచ్చి, మా ఓడ పక్కకు చేరి, దాని వేగాన్నే అందుకుని, ఒళ్లు ఆనించి పరుగెత్తసాగింది.

పైలట్ వీపు మాకు కనిపిస్తూంది. నిచ్చెన చివరి మెట్టు మీద ఒక కాలు ఉంచి, పడవ కెరటం మీద పైకి లేచే క్షణం కోసం ఆగారు. పడవ ఒకసారి లేచింది, ఆయన కదల్లేదు. రెండోసారి లేచింది, కదల్లేదు. మూడోసారి అది ఎత్తుకు చేరీ చేరగానే, మన ఇంటి గడప దాటినంత తేలికగా పడవలోకి అడుగువేశారు. పడవ తప్పుకుంది, నిచ్చెన పైకి పోయింది, తలుపు మూసుకుంది. మొత్తం రెండు నిమిషాలు. నాన్నగారు తాను ఊపిరి బిగబట్టిన సంగతి అప్పుడు గమనించుకున్నట్టున్నారు. "మన దగ్గర డాల్ఫిన్స్ నోస్ కొండ కింద కాలువ సన్నం. ఎంత పెద్ద కెప్టెన్ అయినా పైలట్ ఎక్కందే లోపలికి రాడు. వానాకాలంలో ఆ నిచ్చెన ఎక్కడం చూస్తే నీకు అన్నం సయించదు" అన్నారు. అదే సమయంలో పైన నాటకశాలలో ఒక గారడీవాడు మనిషిని పెట్టెలో పెట్టి మాయం చేస్తున్నాడని పిల్లలు తరువాత చెప్పారు.

నడక డెక్కు అన్నాను కదా, ఓడ చుట్టూ తిరిగివచ్చే ఆ వరండా లాంటి దారి గురించి ఎవరూ గొప్పగా చెప్పరు. మూడు చుట్లు, ఆపైన కాస్త నడిస్తే మైలవుతుందని గోడ మీద రాసి ఉంది. పొద్దున వ్యాయామం చేసేవాళ్లు చెవుల్లో పాటలు పెట్టుకుని మా పక్కనుంచి దూసుకుపోయేవారు. వాళ్ల తలల మీదుగా వేలాడే ప్రాణరక్షక పడవలను వాళ్లు తలెత్తి చూడగా నేను చూడలేదు. ప్రతి పడవ మీదా అందులో ఎంతమంది పడతారో రాసి ఉంటుంది. ఓడకు కుడివైపున ఉన్న పడవలకు బేసి సంఖ్యలు, ఎడమవైపు పడవలకు సరి సంఖ్యలు వేస్తారు. చీకట్లో దారి తప్పినా ఏ పక్క ఉన్నామో ఆ అంకె చెబుతుంది. ఓడ ముందు భాగాన్ని అణియం అనీ, వెనుక భాగాన్ని అమరం అనీ నాన్నగారు అంటారు. ఫిషింగ్ హార్బరు దగ్గర మరపడవలవాళ్లతో తిరిగి నేర్చుకున్న మాటలవి. ఇంగ్లీషు మాటలు ఎన్నిసార్లు విన్నా తికమకపడే నా చిన్నకూతురు ఈ రెండూ ఒక్క పూటలో పట్టేసింది.

అమరం దగ్గర నిలబడడం నాకు అన్నిటికన్నా నచ్చింది. వెనుక తెల్లటి నురుగు దారి దిగంతం దాకా పరుచుకుని ఉంటుంది. ఓడ మలుపు తిరిగినప్పుడు ముందు తెలిసేది ఆ దారి వంపులోనే. ఆ డెక్కు మీదినుంచే జెండా కూడా కనిపిస్తుంది. మాది ఎర్రటి గుడ్డ మీద తెల్ల శిలువ ఉన్న బహామాస్ వాణిజ్య నౌకల జెండా, ఓడ నమోదైన రేవుగా దాని మీద రాసిన ఊరు నస్సావ్. ఆ ఊరి మొహం మా ఓడ ఎన్నిసార్లు చూసిందో తెలియదు గానీ, ఆ జెండా వల్లనే మేము చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో ఆగవలసివచ్చింది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో ప్రయాణికులను ఎక్కించుకుని, మధ్యలో పరాయి దేశపు రేవు ఏదీ తాకకుండా తిరిగి అమెరికాలో దింపకూడదని 1886 నాటి చట్టం ఒకటి ఉంది. అందమైన పూలతోటల కోసం ఆపుతున్నారనుకుని ఎంతోమంది సంతోషించారు. నేను వాళ్ల ఆనందం చెడగొట్టలేదు.

గదిలోని టీవీలో ఇరవై చానళ్లు ఉన్నాయి. నాన్నగారు పెట్టింది ఒక్కటే. అందులో ఓడ ఎక్కడుందో చూపే పటం, వేగం, గాలి దిశ, అక్షాంశ రేఖాంశాలు వస్తూ ఉంటాయి, నడుమ నడుమ అణియం మీది కెమెరా దృశ్యం. అమ్మకు ఇది ఎంతమాత్రం రుచించలేదు, "సముద్రం కిటికీలో ఉండగా టీవీలో చూడడమేమిటి?" అని ఆమె వాదన. నాకూ మొదట నవ్వొచ్చింది. కానీ ఆ అంకెలను చదవడం వచ్చాక అదొక వ్యసనమైంది. అక్షాంశంలో ఒక నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) పెరిగితే ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు, ఉత్తరానికి జరిగినట్టు. అలాస్కాలోని గ్లేసియర్ బే అనే అఖాతం చేరినప్పుడు తెర మీద 58 దాటి 59 కనిపించగానే నాన్నగారు జేబులోని కాగితం తీసి లెక్కవేశారు. విశాఖపట్నం దాదాపు 18వ డిగ్రీకి దగ్గర. తేడా 41 డిగ్రీలు, డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు. "మన వీధికి 2,460 మైళ్లు ఉత్తరాన ఉన్నామే" అని అమ్మకు చూపించారు. అమ్మ ఆ కాగితం వైపు చూసి, శాలువా ఇంకొంచెం బిగించి కప్పుకుంది.

గ్లేసియర్ బేలో అందరూ చూసేది చూశాం. రోజుకు రెండు పెద్ద క్రూజ్ ఓడలను మాత్రమే లోపలికి అనుమతిస్తారు. పార్కు రేంజర్లు పైలట్‌లాగానే చిన్న పడవలో వచ్చి నిచ్చెన ఎక్కుతారు. 1794లో ఆంగ్లేయ కెప్టెన్ జార్జ్ వాంకూవర్ నావికులు వచ్చినప్పుడు ఈ అఖాతం దాదాపు అంతా మంచుగడ్డేనట. ఇప్పుడు మంచు 65 మైళ్లు వెనక్కు తగ్గింది. మార్జరీ హిమానీనదం ముఖం మైలు వెడల్పు, నీటిపైన 250 అడుగుల ఎత్తు. దాన్ని ఫొటో తీయడానికి పై అంతస్తులో జనం మూడు వరసలు కట్టారు, మైకులో వ్యాఖ్యానం సాగుతూంది. నాన్నగారు నన్ను మాత్రం కింది డెక్కుకు తీసుకువెళ్లారు. అక్కడ మైకు మోత లేదు. నీటికి దగ్గరగా నిలబడితే ఒక శబ్దం వినిపించింది. నూనెలో ఆవాలు వేసినప్పటి చిటపట, కానీ చాలా మెల్లగా, నాలుగు వైపులనుంచీ. మంచు ముక్కలు కరుగుతుంటే వాటిలో ఎప్పటినుంచో అణిగి ఉన్న గాలి బుడగలు పగిలే చప్పుడది. మా ముందునుంచి తేలుతూ పోయిన పిడికెడంత ముక్క కూడా తన వంతు చిటపటలాడింది.

ఇంతలో మంచు గోడలోంచి ఒక పెద్ద పలక విడిపోయి నీళ్లలో కూలింది. కూలడం కనిపించింది గానీ చప్పుడు లేదు. నాన్నగారు "ఒకటి, రెండు" అని లెక్కపెట్టారు, అప్పుడు ఉరిమింది. చిన్నప్పుడు మెరుపు చూసి ఉరుము వరకూ లెక్కపెట్టించేవారు, మూడు అంకెలకు ఒక కిలోమీటరు. ఆ లెక్కన గోడ ముప్పాతిక కిలోమీటరు లోపే ఉంది. ఇక్కడి ఆదివాసులైన త్లింగిత్ ప్రజలు ఈ చప్పుడును తెల్ల ఉరుము అంటారని తరువాత రేంజర్ చెప్పారు. పైన ఉన్నవాళ్లకు మైకు మోతలో ఆ ఉరుము సగమే వినిపించిందట.

జిగ్సా పజిల్ బల్ల గురించి కూడా ఒక మాట. లైబ్రరీ మూలలో వెయ్యి ముక్కల దీపస్తంభం బొమ్మ పరిచి ఉంచారు. వచ్చేపోయేవాళ్లు తలా నాలుగు ముక్కలు పెట్టి వెళ్తారు. ఎదుటి మనిషి పేరు అడగకుండా గంటసేపు స్నేహంగా కూర్చోగల చోటు ఓడలో అదొక్కటే. ఆకాశం ముక్కలు మాత్రం ఎవరూ ముట్టుకోరు.

రేవులో ఆగిన రోజున అందరూ దిగిపోయాక ఓడలో మిగిలిపోవడం మరో సుఖం. ఈత కొలను ఖాళీ, టీ దగ్గర వరస లేదు. ఒక పూట మేము దిగకుండా రేవు గుంజలను చూస్తూ కూర్చున్నాం. ఆగ్నేయ అలాస్కాలో పోటుకూ పాటుకూ తేడా 20 అడుగులు దాటే రోజులున్నాయి, విశాఖలో అది మనిషెత్తుకు మించదు. పొద్దున నీళ్లలో మునిగి ఉన్న గుంజలు మధ్యాహ్నానికి ఒళ్లంతా బయటపెట్టాయి: పైన తెల్లటి గవ్వపొక్కులు, వాటి కింద నల్లటి ఆల్చిప్పల పట్టీ, ఇంకా కింద ఊదారంగు నక్షత్రచేపలు, ఒక్కో దానికి ఒక్కో ఎత్తు కేటాయించినట్టు. ఓడ కూడా నీటితోపాటు దిగింది గనుక, దిగే వంతెనను పొద్దున పెట్టిన తలుపు నుంచి తీసి, పై అంతస్తులోని మరో తలుపుకు మార్చారు. స్కాగ్వే అనే ఊళ్లో రేవు పక్కనున్న రాతికొండ మీద అక్కడికి వచ్చిన ఓడల పేర్లు, కెప్టెన్ల పేర్లు, తేదీలు ఆ ఓడల సిబ్బంది రంగులతో రాసి ఉన్నాయి. బైనాక్యులర్స్‌తో వాటిని చదవడానికి నాన్నగారికి ఒక పూట చాలలేదు.

తిరుగు దారిలో ఒక రాత్రి పొగమంచు కమ్మింది. నియమం ప్రకారం, ఏమీ కనిపించనప్పుడు కదులుతున్న ఓడ రెండు నిమిషాలకు మించకుండా ఒక పొడుగాటి కూత వేస్తూ ఉండాలి. మర్నాడు అల్పాహారం దగ్గర నిద్ర పాడైందని ఫిర్యాదు చేసేవాళ్లే అందరూ. ఆ కూత చెవికన్నా ముందు ఛాతీకి వినిపిస్తుంది. అమ్మ మాత్రం హాయిగా నిద్రపోయింది. పెళ్లయిన కొత్తలో పోర్టు క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు ఆ కూత వినపడని రాత్రే తనకు మెలకువ వచ్చేదని చెప్పింది.

చివరి రోజు తెల్లవారకముందే సియాటిల్ చేరాం. సామాను పట్టీల రంగులను బట్టి దిగే వంతు మైకులో పిలుస్తున్నారు. మాది నారింజ రంగు. మావారు పిల్లలతో వరసలో నిలబడి నాకు ఫోన్ చేస్తున్నారు. మేము నడక డెక్కు మీద ఉన్నాం. కలాసీ ఒకడు సన్నటి తాడు చివర ఉన్న బరువు ముడిని గిరగిరా తిప్పి ఒడ్డుకు విసిరాడు. మొదటిసారి అందలేదు, రెండోసారి అందింది. ఒడ్డున ఉన్నవాళ్లు ఆ తాడు లాగితే దాని వెనుక తొడంత లావున్న మోకు నీళ్లలోంచి బరువుగా లేచివచ్చింది, దాని ఉచ్చును ఇనుప గుంజకు తగిలించారు. నాన్నగారు జేబులోంచి చివరి కాగితం తీసి ఒక గీత గీశారు. ప్రతి మోకుకూ ఒక గీత. తొమ్మిదో మోకుకు, ఎలుకలు దాన్ని పట్టుకుని పైకెక్కకుండా గుండ్రటి రేకు బిగిస్తుండగా నారింజ రంగును రెండోసారి పిలిచారు. "ఇంకా మూడున్నాయే" అన్నారు నాన్నగారు. నేను ఫోన్ శబ్దం తగ్గించి పక్కన నిలబడ్డాను.