ఫ్రెంచ్ ఫార్మసీ సరుకు: ఏ ట్యూబు ముందు ఖాళీ అవుతోంది

ప్యారిస్ ఫార్మసీలో కొన్న చర్మ సంరక్షణ సరుకులో ఏది పనికొచ్చిందో తేల్చే కొలత ఒకటే: ఏది ముందు ఖాళీ అయింది? మూత తీసిన రోజే డబ్బా అడుగున తేదీ రాసిపెట్టాలి. వెనకవైపు తెరిచిన డబ్బా బొమ్మలో 6ఎం, 12ఎం అని ఉంటే, తెరిచాక అన్ని నెలల్లో వాడెయ్యాలని అర్థం.

అన్నిటికంటే ముందు అయిపోయింది: లా రోష్ పోజే కంపెనీ సన్‌స్క్రీన్, ఆంథీలియోస్ యూవీమ్యూన్ 400 ఫ్లూయిడ్, 50 మి.లీ. అయిపోవాలి కూడా. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే అంకె) పరీక్షలు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల లెక్కన చేస్తారు. ఆ రక్షణ దక్కాలంటే ముఖానికీ మెడకూ రెండు వేళ్ల పొడవునా పిండుకోవాలి. అలా రోజుకోసారి రాస్తే సీసా నెలన్నర దాటదు. మూడు నెలలు వచ్చిందంటే మురిసిపోవద్దు, రాసింది సగమే. ఇందులోని మెక్సోరిల్ 400 అనే ఫిల్టరు 380–400 నానోమీటర్ల పొడవాటి తరంగాల యూవీఏ (అతినీలలోహిత) కిరణాలను ఆపుతుంది. నల్లమచ్చలు తొందరగా పడే మన చర్మాలకు అది అక్కరే. వాడేముందు సీసా బాగా ఊపాలి. ఆల్కహాల్ ఉంది కాబట్టి కంటి దగ్గర మండవచ్చు, కనురెప్పలు వదిలెయ్యండి.

రెండోది: బయోడెర్మా సెన్సిబియో, అంటే ముఖం మీది మురికీ మేకప్పూ తుడిచే నీళ్లు, గులాబీ మూత, 500 మి.లీ. కడగక్కర్లేదని సీసా మీద ఉన్నా నీళ్లతో కడగడమే మేలు. మురికిని పట్టుకునే పదార్థం చర్మం మీదే ఉండిపోతే కొందరికి మంట, జిడ్డు. దూదితో రుద్దకూడదు, తడిపి కాసేపు అద్ది ఉంచి, తుడవాలి. ఇది మన ఊళ్లలోనూ దొరుకుతోంది, సూట్‌కేసులో అరకిలో బరువు దండగ.

నెమ్మదిగా, కానీ క్రమంగా తగ్గుతున్నది: ఏ313 పొమాడ్, 50 గ్రాములు. విటమిన్ ఏ మందు. బీరువాల్లో కనబడకపోతే కౌంటర్లో అడగాలి. ముడతల మందుగా నమోదైంది కాదు, జనం అలా వాడుకుంటున్నారంతే. రాత్రి ముఖం కడిగి, పూర్తిగా ఆరాక, బటాణీ గింజంత మొత్తం ముఖానికి. తడి మీద రాస్తే చురుకెక్కువ. మొదటి మూడు వారాలు వారానికి రెండు రాత్రులే, తట్టుకుంటే రోజు విడిచి రోజు. ముక్కు పక్కలా పెదవి మూలలా పొట్టు లేస్తుంది. ముందే అక్కడ కాస్త బామ్ పూస్తే సరి. ఆ రాత్రి చర్మం పైపొరను ఒలిచే గ్లైకాలిక్ లాంటి ఆమ్లాలు వద్దు. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు దీని జోలికే పోకూడదు. పగలు సన్‌స్క్రీన్ మానేసేవాళ్లకు కూడా ఇది తగదు.

ఆ బామ్ సికాప్లాస్ట్ బీ5, 40 మి.లీ. ట్యూబు చాలు. చర్మాన్ని ఊరడించే పాంథెనాల్ 5 శాతం. గట్టిగా, తెల్లగా ఉంటుంది. వేళ్ల మధ్య వెచ్చబరిచి అద్దితే తెల్లదనం పోతుంది. పొట్టు లేచినచోట, గీసుకున్నచోట మాత్రమే. విశాఖ ఉక్కపోతలో ముఖమంతా పూస్తే చెమటకాయలే మిగులుతాయి.

కదలనివి: నూక్స్ పొడి నూనె (జిడ్డు మిగలకుండా ఇంకిపోయేది), ఆవెన్ నీటి స్ప్రే. నూనె వాసన బాగుంటుంది, పని కొబ్బరినూనె చేసేదే. స్ప్రే కొట్టి అద్దకుండా వదిలేస్తే ఆరేటప్పుడు చర్మం ఇంకా బిగుస్తుంది. ఎంబ్రియోలిస్ క్రీములో షియా వెన్న, తేనెమైనం ఉన్నాయి. పొడి చర్మానికి, అదీ చలికాలంలో. జిడ్డు చర్మంవాళ్లు ముట్టుకోవద్దు.

ఏది కొన్నా ఒకేసారి మొదలుపెట్టకూడదు. రెండు వారాలకొకటి చేర్చాలి. అన్నీ కలిపి రాసి దద్దురు లేస్తే దోషి ఎవరో తేలదు.

కొనుగోలు విషయం. ర్యూ దు ఫూర్ వీధిలోని సిటీఫార్మా, 5వ వార్డులోని ఫార్మసీ మోంజ్ రెండూ పర్యాటకులతో కిక్కిరిసి ఉంటాయి; ఉదయం తెరిచేవేళకు వెళ్లడం మంచిది. ఐరోపా సమాఖ్య బయట నివసించేవాళ్లు ఒకే దుకాణంలో 100 యూరోలు దాటేలా కొంటే డేటాక్స్ (détaxe), అంటే పన్ను వాపసు అడగవచ్చు. పాస్‌పోర్టు చూపాలి. పన్ను 20 శాతమైనా, కమిషన్లు పోను చేతికొచ్చేది 12 శాతం చుట్టుపక్కలే. షార్ల్ ద గోల్ విమానాశ్రయంలో సూట్‌కేసు అప్పగించక ముందే పాబ్లో అనే పన్ను వాపసు యంత్రంలో, దుకాణం ఇచ్చిన ఫారం స్కాన్ చెయ్యాలి. 100 మి.లీ. దాటిన సీసాలు ఆ సూట్‌కేసులోకే, చేతిసంచిలోకి కాదు.