మూడో డోసుకు ఎవరూ రాలేదు

2021 మే నెలలో మా పెద్దమ్మకు కరోనా టీకా కోవిషీల్డ్ రెండో డోసు వేయించడానికి తెల్లవారుజామున నాలుగున్నరకే ఆరోగ్య కేంద్రానికి వెళితే, గేటు ముందు అప్పటికే మనుషులకు బదులు చెప్పులు, చేతి సంచులు, ఒక ఇటుకరాయి వరుస కట్టి ఉన్నాయి. టోకెన్లు మా దాకా రాలేదు. ఆ వారంలోనే, మే 13న, రెండు డోసుల మధ్య గడువును కేంద్రం 6-8 వారాల నుంచి 12-16 వారాలకు పెంచింది. గడువు పెరిగితే రక్షణ మెరుగవుతుందని చెప్పే పరిశోధనలు అప్పటికే ఉన్నప్పటికీ, మందు దొరకని రోజుల్లో వెలువడిన ఆ ప్రకటనను మా వీధిలో ఎవరూ నమ్మలేదు. "ఇంట్లో బియ్యం నిండుకున్నాక ఉపవాసం గుర్తొచ్చినట్టుంది" అన్నది పెద్దమ్మ.

మరుసటి ఏడాది జూలై 15 నుంచి 75 రోజులపాటు పెద్దలందరికీ మూడో డోసు ఉచితమన్నారు. నర్సమ్మ ఫోన్లు చేసి పిలిచినా అదే కేంద్రంలో బల్లలు ఖాళీగానే ఉన్నాయి. దేశం మొత్తం మీద వేసిన 220 కోట్ల పైచిలుకు డోసులలో మూడోవి సుమారు 23 కోట్లే. దీనిని టీకా మీద వ్యతిరేకత అనడం నాకు సరిగా తోచదు, ఎందుకంటే మూడో డోసుకు కదలని ఆ ఇళ్లవారే తొమ్మిదో నెల నిండగానే పసిబిడ్డకు తట్టు టీకా వేయించడానికి కార్డు పట్టుకుని వెళ్లారు. యూనిసెఫ్ 2023 నివేదికలో పరిశీలించిన 55 దేశాలలో పిల్లల టీకాలపై నమ్మకం తగ్గనివి మూడే. వాటిలో మనది ఒకటి.

అసలు సందేహం 2024లో మొదలైంది. అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య తలెత్తవచ్చునని, మనకు కోవిషీల్డ్ పేరుతో వేసిన టీకాను రూపొందించిన ఆస్ట్రాజెనెకా కంపెనీ బ్రిటన్ కోర్టులో ఒప్పుకున్నదన్న వార్త రాగానే, ఏడాది కిందట పక్షవాతం వచ్చిన మా ఎదురింటాయన తన జబ్బును ఆ సూది ఖాతాలో వేసేశారు. ఆ దుష్ప్రభావం సాధారణంగా టీకా వేసిన కొద్ది వారాలలోనే కనిపిస్తుందని నేను చెబితే, "ఇన్నాళ్లు దాచినవాళ్లు ఇదీ దాచరా?" అన్నారు. నిజానికి దాచలేదు. 2021 మే 17నే కేంద్ర ఆరోగ్య శాఖ అటువంటి కేసులు 26 ఉన్నట్లు, పది లక్షల డోసులకు 0.61 చొప్పున లెక్కగట్టి ప్రకటించింది. అయితే ఆ ప్రకటన ఢిల్లీలో వెలువడింది. మా కేంద్రంలో సూది వేశాక అరగంట కూర్చోబెట్టి, జ్వరం వస్తే వేసుకోమని రెండు బిళ్లలు చేతిలో పెట్టడంతో సరిపెట్టారు. తీవ్రమైన తలనొప్పి, ఆయాసం, కాలి వాపు వస్తే వెంటనే రమ్మని ఒక్క ముక్క చెప్పడానికి అరనిమిషం చాలు. భయపడి జనం రారేమోనని ఊరుకున్నారు కాబోలు.

ఈ మాటే పెద్దమ్మతో అంటే ఆమె నవ్వింది. "అప్పుడే చెబితే మాత్రం వద్దనేదాన్నా? ఆ నెలలో మన వీధిలోనే మూడు పాడెలు లేచాయి కదరా."