రెండు మైకులతో ఊరూరా పాట కోసం

ఊరూరా తిరిగి పాటలు రికార్డు చేసే ఈ ప్రయాణానికి సంచీలో పెట్టుకున్నవి రెండే మైకులు. ఒకే రకం చిన్న డయాఫ్రమ్ (ధ్వనికి కంపించే పలుచని పొర) ఉన్న కండెన్సర్ మైకుల జత. వాటి క్యాప్సూళ్లు, అంటే ధ్వనిని పట్టే తలభాగాలు, విప్పి మార్చుకోవచ్చు కాబట్టి ముందు నుంచి వచ్చే ధ్వనిని ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ జతతో పాటు, అన్ని వైపుల ధ్వనినీ పట్టే ఓమ్నీ జత కూడా తీసుకెళ్లాను. గుండ్రంగా కూర్చుని వాయించే బృందంలో కొందరు మైకుకు పక్కవాటుగానే ఉంటారు. అలా పక్కనుంచి వచ్చే ధ్వనిని కూడా చిన్న డయాఫ్రమ్ పెద్దగా మార్చకుండా పట్టుకుంటుంది. అందుకే నా ఓటు దానికే.

మొదటి మజిలీ రాతిగోడల హాలు. గిటార్, వయొలిన్, వేణువు, ఒక గొంతు. స్పీకర్లు లేవు. ఫ్రెంచి రేడియో వాళ్లు రూపొందించిన ఓఆర్‌టీఎఫ్ అనే స్టీరియో పద్ధతిలో, రెండు మైకుల మధ్య 17 సెంటీమీటర్ల ఎడం, 110 డిగ్రీల కోణంతో కార్డియాయిడ్లు బిగించాను. మూడు మీటర్ల దూరంలో పెడితే ప్రతిధ్వని వయొలిన్‌ను మింగేసింది. రిహార్సల్ సాగుతుండగానే హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్టాండును కొంచెం కొంచెంగా ముందుకు జరుపుతూ పోయాను. మీటరున్నర దగ్గర కమాను తీగను పట్టుకునే ఆ సన్నని గరగర వినిపించింది, దాని వెనకే హాలు కూడా హాయిగా మోగింది. గిటార్ ఇంకా వెనకబడే ఉంది. దానికి వేరే మైకు పెట్టడం నాకిష్టం లేదు. వాయించేవారినే కుర్చీ ఓ అడుగు ముందుకు లాక్కోమన్నాను, సరిపోయింది. లైవ్ రికార్డింగులో మిక్సింగంటే సగం ఇదే.

తర్వాతి ఊళ్లో చెక్క నేల ఉన్న గది. గదే అంత బాగా పలుకుతుంటే ఓమ్నీ పెట్టకపోవడం అన్యాయం. చేతి డప్పు అడుగు స్వరం నిండుగా దిగింది. శ్రోతల దగ్గులూ దిగాయనుకోండి, నాకు అభ్యంతరం లేదు.

ఆరుబయట, ఏటి ఒడ్డున పాట మరో కథ. గాలిని తట్టుకోవడంలో ఓమ్నీయే మెరుగు. కానీ అక్కడ ఏటి హోరును ఆపడమే ముఖ్యం. కార్డియాయిడ్లు బిగించి, వాటి వీపు ఏటివైపు ఉండేలా నిలబెట్టి, బొచ్చు తొడుగులు వేశాను. ఆ గాలికి ఫోమ్ తొడుగు ఒక్కటే చాలదు. మైకులకు కేబుల్ ద్వారా అందే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ రికార్డర్ బ్యాటరీని త్వరగా తాగేస్తుంది, కాబట్టి పవర్‌బ్యాంక్ తప్పనిసరి. 24 బిట్లలో రికార్డు చేస్తూ, గట్టి స్వరాలు మైనస్ 12 డెసిబెల్స్, అంటే రికార్డర్ గరిష్ఠ స్థాయికి 12 డెసిబెల్స్ కింద, దాటకుండా చూసుకున్నాను.

ఈసారి వెళ్లేటప్పుడు ముందూ వెనకా ధ్వనిని పట్టి పక్కల ధ్వనిని వదిలేసే ఫిగర్-ఎయిట్ మైకు ఒకటి చేర్చుకుంటాను. కార్డియాయిడ్‌ను ఎదురుగా, దీన్ని అడ్డంగా పెట్టి మిడ్-సైడ్ పద్ధతిలో పడితే, స్టీరియో ఎంత వెడల్పు ఉండాలో ఇంటికొచ్చాక తీరిగ్గా తేల్చుకోవచ్చు.