మారుతి 800 బోరు పని: ఏ సామాను దేనికి పడుతుంది

నాన్నగారి 1996 మారుతి 800 ఇంజన్ విప్పి మూడు వారాలైంది. పర్లాకిమిడిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులోనే పని. బోరు అంటే ఇంజన్లో పిస్టన్ పైకీ కిందికీ కదిలే సిలిండర్ లోపలి గుండ్రటి కన్నం.

ముందు పొగ సంగతి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కాస్త నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు (వాల్వుల పక్కనుంచి ఆయిల్ లోపలికి జారకుండా ఆపేవి) చూసుకోవాలి. మాది అలా కాదు. పాతపట్నం రోడ్డు మీద ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా వెనకంతా నీలంగా కమ్ముకునేది. సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టి చూశాను. ఒకటో సిలిండర్ 150 పీఎస్ఐ, మూడోది 145, రెండోది 95 మాత్రమే. రెండోదాని ప్లగ్గు కన్నంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 130కి లేచింది. అంటే ఆ ఆయిల్ రింగుల సందు మూసింది. తేడా వాల్వుల్లో కాదు, పిస్టన్ చుట్టూ ఉండే రింగుల దగ్గర.

హెడ్డు (సిలిండర్ల మీద వాల్వులున్న పై భాగం) తీశాక రెండో బోరులో పైనుంచి కిందికి గోరు జార్చాను. పై రింగు ఆగే చోట గోరు టక్కున తట్టుకుంది. రింగు తిరగని పై అంచు అలాగే ఉండిపోయి, దాని కింద గోడ అరిగిపోయింది. బోర్ గేజ్‌తో కొలిస్తే అక్కడ 68.62, అడుగున 68.53 మిల్లీమీటర్లు. కంపెనీ కొలత 68.5.

కొత్త రింగులు వేసి సరిపెడదామనుకున్నాను. బరంపురంలో బోరింగ్ మేస్త్రి గేజ్ చూసి, "వద్దు బాబూ, అరిగిన బోరులో కొత్త రింగు నిలవదు, నాలుగు నెలల్లో మళ్లీ నా దగ్గరికే వస్తావు" అన్నారు. ఆయన మాట విన్నందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది. మూడు సిలిండర్లూ 68.75కి కోసి బోరు చేసి, హోనింగ్ పెట్టి (గోడను రాళ్లతో రుద్ది), 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్లు వేశాం. అరిగింది ఒక్కటే అయినా మూడూ ఒకే సైజులో ఉండాలి. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 72 మిల్లీమీటర్లు గనక లెక్క కడితే 796 సీసీ కాస్తా 802 దాకా వచ్చింది.

ఇక సామాను. డబ్బు పోయేది ఇక్కడే. శ్రీకాకుళంలో ఒక షాపులో "800కి వాల్వులు" అని అడిగితే పన్నెండున్న సెట్టు ఇచ్చారు. ఇంటికొచ్చి విప్పితే గానీ తెలియలేదు. మాది ఎఫ్8బి ఇంజన్, సిలిండరుకు రెండు చొప్పున ఆరే వాల్వులు. పన్నెండు వాల్వులున్నది ఎఫ్8డి. అది ఆల్టోలోనూ, 2000లో వచ్చిన ఐదు గేర్ల 800లోనూ ఉంటుంది. రెండూ 796 సీసీలే, బోరూ స్ట్రోకూ ఒకటే. అందుకే షాపుల్లో కలిపేస్తారు. కానీ హెడ్డు, క్యామ్‌షాఫ్ట్, వాల్వులు పూర్తిగా వేరు. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే పద్ధతి) అని చెప్పినా తేలదు, ఎందుకంటే ఆరు వాల్వుల ఎంపీఎఫ్ఐ 800లు కూడా వచ్చాయి. వాల్వులు ఎన్నో చెప్పండి, పాత ముక్క చేత్తో పట్టుకెళ్లండి.

ఓమ్ని వ్యానుదీ ఎఫ్8బి ఇంజనే. పిస్టన్లు, రింగుల డబ్బా మీద 800, ఓమ్ని రెండు పేర్లూ ఉంటాయి, ధైర్యంగా తీసుకోవచ్చు. గేర్‌బాక్స్ మాత్రం పడదు. వ్యానులో ఇంజన్ బండి పొడవునా కూర్చుని వెనక చక్రాలను తిప్పుతుంది, మనది అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. పాత వ్యాను ఇంజన్ చవగ్గా దొరికిందని కొనేముందు ఇది గుర్తుంచుకోండి.

నిన్న రింగులు ఒక్కోటీ బోరులో పెట్టి, పిస్టన్‌తోనే సమంగా కిందికి నెట్టి, నోటి గ్యాప్‌లో ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చి చూశాను. పై రింగులు మూడూ 0.20 మిల్లీమీటర్ల దగ్గరే ఉన్నాయి. పిస్టన్లు దించేశాను, క్రాంక్ చేత్తో తిప్పితే ఒకే బిగువుతో తిరుగుతోంది.

ఆదివారం హెడ్డు, టైమింగ్ బెల్టు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ వైర్లు సిలిండర్లు మండే 1-3-2 వరసలో పెట్టాలని షెడ్డు గోడ మీద సుద్దతో రాసుకున్నాను. స్టార్ట్ అయ్యాక మొదటి వెయ్యి కిలోమీటర్లు నలభై, యాభై దాటించను. నాన్నగారిని గుణుపురం దాకా తీసుకెళ్లాలని ఉంది.